అపస్వరమెవరిది?

పదిమంది పిల్లలు కూడి పాడునపుడు ఒక పిల్ల శ్రుతి తప్పినచో, ఆ పిల్లను పాడవద్దని చెప్పుట ధర్మమగునా? ఈ ప్రశ్న మిక్కిలి చిన్నదిగా కనిపించును. షట్‌స్థలములను, అష్టావరణములను గూర్చి చర్చించు పుటలలో దీనికి చోటేమని కొందరికి తోపవచ్చును. కాని వేసవి సెలవులలో చిన్నపిల్లలకు సంగీతము నేర్పు శిబిరములు నడుపువారికిని, తమ పిల్లలను అచటికి పంపు తల్లిదండ్రులకును ఇది యేటేట ఎదురగు ప్రశ్నయే. సత్యము ఒకవైపునకును, దయ మరియొకవైపునకును లాగుచుండగా నడుమ ఏడెనిమిదేండ్ల పిల్ల నిలిచియుండును.

రామగుండము, గోదావరిఖని ప్రాంతపు ఎండలు అందరెరిగినవే. మే మాసమున 45 డిగ్రీలు దాటు దినములు అరుదు కావు. ఒకవంక ఓపెన్‌కాస్టు గనుల మట్టిగుట్టలు, మరొకవంక ఎన్.టి.పి.సి. పొగగొట్టములు, ఆ నడుమ సింగరేణి కార్మికుల క్వార్టర్లు. పగటివేళ పిల్లలు వీధిలోనికి రాలేరు. కావున ఇచట సంగీత శిబిరమనగా ఉదయము ఏడు గంటలకు మొదలై, ఎండ ముదురకమునుపే పది గంటలకు ముగియవలసినది. ఏప్రిల్ చివరి వారమున బడులు మూయుదురు, జూన్ రెండవ వారమున తెరచుదురు. ఈ నడుమ దొరకునది ముప్పది నలుబది దినములు. ఒక సమావేశ మందిరము, పరచిన జంపఖానాలు, ఒక హార్మోనియము, ఒక తబలా జత, నలుబదిమంది పిల్లలు, ఒక గురువు. రాత్రి షిఫ్టు దిగివచ్చిన తండ్రి కన్నులు నులుముకొనుచు పిల్లను మోటారు సైకిలుపై దింపి, ఇంటికి పోయి నిద్రించును.

సింగరేణి సంస్థ వేసవిలో పిల్లలకు క్రీడా శిక్షణ శిబిరములు నడుపుట ఈ ప్రాంతమువారు ఎరిగినదే. ఆటల శిబిరమున బంతి పట్టలేని పిల్లవానిని చూచి, పట్టినట్లు నటింపుమని ఎవరును చెప్పరు. పట్టలేకపోయినచో మరల విసరుదురు. పాట దగ్గరనే ఆ మాట వినవచ్చును.

అది వినవచ్చు సమయము ముగింపు సభకు వారము దినములముందు. అప్పటివరకు అందరును పాడుచునే యుందురు. సభ దగ్గరపడగానే గురువునకు చెవులు పదునెక్కును. అతిథులు వత్తురు, తల్లిదండ్రులు సెల్‌ఫోనులు పైకెత్తి చిత్రింతురు. నలుబది గొంతులలో మూడు నాలుగు గొంతులు ఎచటికో పోవుచున్నవి. వానిని గుర్తించి, మిక్కిలి సౌమ్యముగనే, "నీవు పెదవులు మాత్రము కదుపుము" అని చెప్పుదురు. పిల్ల తల యూపును. సభనాడు పట్టుపావడ కట్టి, పూలు ముడిచి, మూడవ వరుసలో నిలిచి పెదవులు కదుపును. పాట చక్కగా వచ్చును. చప్పట్లు మ్రోగును. ఇంటికి పోవు త్రోవలో తండ్రి, "అందరితోటి మంచిగ పాడినవు బిడ్డా" అనుననుకొందము. "నేను పాడలే బాపూ, సారు సప్పుడు చెయ్యకుంట పెదవులే కదిలియ్యుమన్నడు" అని పిల్ల చెప్పుననుకొందము. ఆ తండ్రి యేమి బదులు చెప్పవలెను?

గురువు పక్షమున చెప్పవలసినది కూడ కలదు. ఆయన క్రూరుడు కాడు. చేతిలోనున్నది నెల దినములు. నలుబదిమందిలో ముప్పదియారుగురు కష్టపడి శ్రుతిలో నిలిచిరి. నలుగురి కొరకు వారి శ్రమ చెడవలెనా? శ్రుతి అనునది గురువు సొంత సొత్తు కాదు, దయ తలచి సడలించుటకు. షడ్జము షడ్జమే. కంసాలి తూకమున జాలి చూపరాదు, వైద్యుడు మోతాదున మొగమాట పడరాదు. సంగీతమునకును అట్టి నియతి యున్నది. తప్పు పాడిన పిల్లను "బాగున్నది, బాగున్నది" అని పొగడి పంపుట కూడ అబద్ధమే. ఈ వాదమును తేలికగా త్రోసివేయువారు సంగీతము నేర్పనివారే యై యుందురు.

శరణ సాహిత్యమునుండి దీనికి ఒక ప్రత్యుత్తరము తరచు వినవచ్చును. తాళమాన జ్ఞానము తనకు లేదని బసవేశ్వరులు ఒక వచనమునందు చెప్పుకొనిరి. కావున భక్తి యున్నచో చాలును, స్వరము అక్కరలేదని కొందరు తేల్చివేయుదురు. ఇది తొందరపాటు. ఆ మాట కూడలసంగమ దేవుని యెదుట నిలిచిన భక్తుని వినయము. దానిని గురువు యొక్క అశ్రద్ధకు యోగ్యతాపత్రముగా మార్చుట న్యాయము కాదు. వచనములు పద్యములు కాకపోయినను, శతాబ్దములుగా కన్నడ దేశమున రాగతాళములతో గానము చేయబడుచునే యున్నవి. బసవేశ్వరులు సంగీతమును తక్కువచేయలేదు. సంగీతము రాదను కారణముచేత నోరు మూసికొనుటకు మాత్రము ఆయన ఒప్పుకొనలేదు.

ఈ భేదమే ఇచట ముఖ్యము. అనుభవ మంటపమున చాకలి మాచయ్య, పడవ నడుపు చౌడయ్య, త్రాళ్ళు పేను చందయ్య మున్నగువారు కూర్చుండిరి. వారి వచనములు నేటికిని నిలిచియున్నవి. ఒక్కొక్క వచనమునకు ఒక్కొక్క అంకితము కలదు. బసవన్నది కూడలసంగమ దేవుడు, అక్కమహాదేవిది చెన్నమల్లికార్జునుడు, అల్లమప్రభువుది గుహేశ్వరుడు. అంబిగర చౌడయ్య తన పేరినే అంకితముగా నుంచుకొనెను. వెనుక వరుసలో నిలిచి మంత్రిగారి మాటకు పెదవులు కదుపుమని అతనితో ఎవరును అనలేదు. ఇష్టలింగము సంగతియు ఇట్టిదే. ఎవరి లింగము వారి అరచేతిలో. ఒకరి పూజను మరియొకరు చేసిపెట్టుట వీరశైవమున లేదు.

బసవ పురాణమునందు కిన్నర బ్రహ్మయ్య కథ కలదు. ఆయన కిన్నర వాయించి శివుని కొలుచుచు, దానివలన లభించినదానితో జంగములకు అన్నము పెట్టుచుండెను. వాద్యమే ఆయన కాయకము. ఆ బ్రహ్మయ్య ఇంట ఒకనాడు ఉల్లి వాసన బసవేశ్వరులకు రుచింపలేదు, నిందించి మాటాడిరి. బ్రహ్మయ్య నొచ్చుకొనెను. తన ముక్కునకు సరిపడలేదని ఒక భక్తుని మనసు నొప్పించినందుకు బసవేశ్వరులు పరితపించి, ఆ ఉల్లినే గౌరవించి, ఆయనను ప్రసన్నుని చేసికొనిరి. సంగీతకారుని ఇంట ముక్కును గూర్చి జరిగిన ఈ కథను సంగీత శిబిరమున చెవిని గూర్చి తలచుకొనుట తగియున్నది. ఉల్లి వాసన ఉల్లిది. దానిని భరింపలేకపోవుట ముక్కుది. రెంటిలో దిద్దుకొనవలసినది ఏదియో బసవేశ్వరులకు వెంటనే తెలిసెను.

ఐనను పోలిక ఇంతవరకే. ఉల్లిని మార్చ నక్కరలేదు. పిల్ల గొంతునో, శ్రుతిలోనికి తేవలెను. అందుకే ఆ పిల్ల శిబిరమునకు వచ్చినది. పెదవులు కదుపుమనుటలోని దోషము నిష్ఠురము కాదు, అసత్యము. అబద్ధమాడరాదను నియమము శరణధర్మమునందు మొదటి వరుసలోనిది. పాడని పిల్లను పాడుచున్నట్లు చూపుట సభను మోసగించుట. అంతకంటె చెరుపు, ఆ మోసమును పిల్ల చేతనే చేయించుట. ఎనిమిదేండ్ల వయసున "నాకు పాట రాదు" అని నిర్ణయించుకొన్నవారు ఎనుబదియేండ్ల వరకు ఆ మాటను విడువరు. శివభజనలో సైతము చప్పట్లు కొట్టుచు నోరు మూసికొని కూర్చుండు పెద్దలు ప్రతి ఊరను కనబడుదురు. వారందరును పుట్టుకతో గొంతులేనివారు కారు.

అబద్ధపు పొగడ్త కూడదు, మౌనము విధింపగూడదు. అయినచో చేయవలసినదేమి? దీనికి సమాధానము ఈ ప్రాంతపు భూగర్భముననే యున్నది. గనిలోనికి దిగిన సర్దారు మొదట చేయు పనులలో ఒకటి పైకప్పును పరీక్షించుట. కడ్డీతో పైరాతిని తట్టి చెవి యొగ్గి వినును. గట్టిగా, ఖంగున మ్రోగినచో రాయి కుదురుగా నున్నది. డప్పువలె డొల్లగా పలికినచో లోపల పొర విడినది. అంతట అచట మనుష్యులను నిలువనీయరు. ఆధారపు దుంగలు నిలుపుదురు, లేదా బోల్టులు బిగింతురు, లేదా విడిన రాతిని జాగ్రత్తగా దింపుదురు. చీకటిలో, క్యాప్ ల్యాంపు వెలుతురులో, కంటికి కనబడనిది చెవికి వినబడును. ఎందరి ప్రాణములో ఆ చెవిపై ఆధారపడియున్నవి. గమనింపవలసినదేమనగా, డొల్ల శబ్దము వినిన సర్దారు ఆ శబ్దమును దాచిపెట్టడు. అది ఎందుకు వచ్చినదో వెదకును.

గురువు కూడ పిల్ల గొంతును తట్టి వినవలెను. విన్నచో తెలియునది ఏమనగా, అపస్వరము అనేక పర్యాయములు పిల్లది కానేకాదు. పురుషుడైన గురువు తన గొంతుకు సుఖమైన శ్రుతి పెట్టుకొని పాడును. ఆయన గొంతు పిల్ల గొంతుకంటె ఇంచుమించు ఒక స్థాయి క్రిందనుండును. ఆ స్వరమును తన స్థాయిలోనికి మార్చుకొని అందుకొనవలెనని పిల్లకు ఎవరు చెప్పిరి? కొందరు పిల్లలు తమంతట గ్రహింతురు. కొందరు క్రిందికి దిగబోయి గురగురలాడుదురు. అదే స్వరమును ఒక స్త్రీ గాని, తోటి పిల్ల గాని పాడి వినిపించినచో ఆ గొంతే చప్పున కుదురుకొనును. ఆరేడేండ్ల పిల్లలకు సుఖముగా అందునవి ఐదారు స్వరములే. మాయామాళవగౌళలో సరళీ వరుస మొదటి పాఠమే మధ్యషడ్జమునుండి తారషడ్జము వరకు పోవును. పై మెట్టుల దగ్గర పిల్లలు అరచుదురు, అరచిన గొంతు జారును. సరళీ వరుసలను ఏర్పరచినవాడని సంప్రదాయము కీర్తించు పురందరదాసును ఇందు తప్పుపట్ట బనిలేదు. అవి గురువునొద్ద ఏండ్లకొలది నేర్చుకొను విద్యకు తొలి మెట్లు, నెల దినముల శిబిరమునకు ఏర్పడినవి కావు.

ఇంకను కారణములున్నవి. మాటాడు గొంతునకును పాడు గొంతునకును గల భేదము కొందరు చిన్నపిల్లలకు తెలియదు. నలుబదిమంది ఒక్కసారిగా గొంతెత్తినచో తన గొంతు తనకు వినబడదు. వినబడని గొంతును దిద్దుకొనుట ఎట్లు? ఇద్దరిద్దరిని దగ్గర కూర్చుండబెట్టి, నోరు మూసి ఒకే స్వరమును మెల్లగా పలికించినచో చెవి తెరచుకొనును. చెవిలో చీము కారు పిల్లలు బస్తీలలో తక్కువ కాదు. అట్టి పిల్ల శ్రుతి తప్పినచో చూపవలసినది సభలోని వెనుక వరుస కాదు, ఆసుపత్రిలోని చెవి వైద్యుని గది. పాట తప్పుటవలన వినికిడి లోపము బయటపడినచో, ఆ శిబిరము ఒక్క పాట నేర్పకపోయినను ఆ పిల్లకు చేసిన మేలు కొద్దిది కాదు. పుట్టుకతో స్వరభేదము గుర్తింపలేనివారు నూటికి ఒకరిద్దరు మాత్రమే యని ఇటీవలి పరిశోధకుల అంచనా. శిబిరమున మౌనము విధింపబడువారు పదింట ఒకరు. తక్కినవారి మాట యేమి?

బతుకమ్మ ఆటను చూడుడు. భాద్రపద అమావాస్య మొదలు తొమ్మిది దినములు తెలంగాణమంతట స్త్రీలును పిల్లలును వలయముగా తిరుగుచు పాడుదురు. ఒకతె ఎత్తుకొనును, తక్కినవారు పల్లవి అందుకొందురు. ఆ పాటలు పెక్కు నాలుగైదు స్వరములలోనే తిరుగును. అందుచేత అందరికిని అందును. గొంతు బాగుగ లేనివారిని వలయమునుండి తొలగించుట గాని, చప్పట్లు మాత్రము కొట్టుమనుట గాని ఎచటను లేదు. దానికి కారణము దయ ఒక్కటే కాదు. అచట వినువారు వేరుగా లేరు. పాడువారే వినువారు. జంగము కథలో కథకుని ప్రక్కన వంతపాడువారికి ఒక స్థానమున్నది, వారి వంతు రాగానే గొంతెత్తవలసినదే. పాల్కురికి సోమనాథుడు తన బసవ పురాణమును ద్విపదలో వ్రాయుట ఎల్లవారి నోటికిని అందుటకు గదా. ఆయనయే పండితారాధ్య చరిత్రమున శ్రీశైల యాత్రికుల పాటలను పేర్కొనుచు వెన్నెల పదములను, తుమ్మెద పదములను, గొబ్బి పదములను మరువలేదు. రాగముల పేర్లను, వీణల భేదములను అంతగా ఎరిగిన కవికి ఈ పదములు చిన్నవిగా తోపలేదు. హంగరీ దేశమున జోల్తాన్ కొడాయ్ అను సంగీతవేత్త ఇరువదవ శతాబ్దమున ఇట్టి త్రోవనే పట్టెను. పిల్లలకు వారి జానపద గీతములనుండి, రెండు మూడు స్వరములనుండి మొదలుపెట్టవలెనని ఆయన మార్గము. 1950లో కెచ్‌కెమేట్ అను ఆయన జన్మస్థలమున నిత్యము పాట నేర్పు ప్రాథమిక పాఠశాల వెలసెను. గొంతు బాగున్నవారిని ఏరుకొనుటకు గాక, అందరికిని పాట అబ్బించుటకే ఆయన పాటుపడెను.

ఈ పాట లెందుకు, లెక్కలు నేర్పుడు, గురుకుల ప్రవేశ పరీక్షకు తయారు చేయుడు అను తండ్రులు కలరు. వారి భయము నిరాధారము కాదు. 1990-91 ప్రాంతమున సింగరేణియందు లక్షకు పైగా ఉద్యోగులుండగా, నేడు ఆ సంఖ్య నలుబది వేలకు అటునిటు. తాత తట్టా చెమ్మసు పట్టెను, తండ్రి యంత్రము నడిపెను, మనుమనికి గని యుండునో లేదో. ఇంగ్లండులోని యార్క్‌షైరున గ్రిమ్‌థార్ప్ అను బొగ్గుగని గ్రామము కలదు. అచటి కార్మికులు 1917లో వాద్యబృందమును నెలకొల్పుకొనిరి. 1992లో ఆ గని మూసివేతను ప్రకటించిన మాసముననే ఆ బృందము లండనులో జాతీయ పోటీ గెలిచెను. 1993లో గని మూతపడెను. బృందము నేటికిని వాయించుచున్నది. దీనివలన గోదావరిఖని పిల్లలకు ఉద్యోగములు రావు, ఆ మాట ఒప్పుకొనవలసినదే. ఐనను గని పోయిన ఊరికి మిగిలినది ఏదియో అది చూపుచున్నది.

మరియొక మాట. పెదవుల మౌనముకంటె ముందే ఒక మౌనము కలదు. శిబిరపు రుసుము, పిల్లను దింపుటకు బండి, ఉదయము ఖాళీగానుండు పెద్ద, ఇవన్నియు శాశ్వత ఉద్యోగి ఇంట దొరకినంత సులభముగా కాంట్రాక్టు కార్మికుని ఇంట దొరకవు. ఆ పిల్ల గొంతు శ్రుతిలోనున్నదో లేదో ఎవరికిని తెలియకయే వేసవి గడచిపోవును. దాసోహమును అన్నదానముతో ముగించువారు ఈ పిల్లను లెక్కలోనికి తీసికొనుట లేదు. వీరశైవ సంఘముల మందిరములు వేసవి ఉదయములందు చాలవరకు తాళము వేసియే యుండును. తాళపుచెవి యిచ్చుటకు ధనమక్కరలేదు.

ముగింపు సభ మాట మిగిలినది. సభ వలదనుట అతివాదము. తల్లిదండ్రులు చూడవలెను, పిల్లలకును ఆ ఉత్సాహము కావలెను. కాని పాటను ఎన్నుకొనునపుడు అతిథికి ఏది బాగుండునని గాక, నలుబదిమందికిని ఏది అందునని చూడవలెను. ఐదు స్వరముల పాట ఒకటి, అందరును పాడుటకు. కష్టమైన కీర్తన ఒకటి, చేతనైనవారు పాడుటకు. అది దాచవలసిన సంగతి కాదు. ఈ పాట వీరు పాడుదురని చెప్పి పాడించినచో ఎవరికిని అవమానము లేదు, అబద్ధమును లేదు.

అన్నియు చేసినను శ్రుతి నిలువని పిల్లవాడు నూటికొకడు ఉండవచ్చును. అట్టివారిలో పెక్కుమందికి లయ చక్కగానుండును. వానికి తాళము పట్టించి, కంజిర యీయవచ్చును. లయయు కుదరనిచో? అప్పుడును వాడు వలయములోనే కూర్చుండి, ప్రక్కవాని గొంతు తనకు వినబడునంత మెల్లగా పాడవలెను. ముప్పదితొమ్మిది గొంతులు ఒక మెల్లని గొంతును మోయగలవు. సెల్‌ఫోనులో చిత్రించుకొన్న పాటలో ఎచటనో ఒక స్వరము ప్రక్కకు పోయినట్లు వినబడును. ఆ ఇంటివారు దానినిబట్టియే తమ పిల్లవాని గొంతును గుర్తుపట్టుదురు.